పెండింగ్ సున్నా

ఆసుపత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఇద్దరే. ఒకరు బిల్లుల కౌంటర్లో పనిచేసే వదిన. రెండోవాడు ఆమె మరిది, ఆసుపత్రి మేనేజరు. సిబ్బంది ఫిర్యాదుల యాప్ గ్రూపులో తాను పెట్టిన కొత్త ఏర్పాటును పైనున్న డైరెక్టర్లకు చూపించబోతున్నాడు.

“ఈ లిఫ్టు ఆగిపోతోందని పోయిన వారమే గ్రూపులో పెట్టాను మరిదీ.”

“పరిష్కారమైందని వచ్చిందిగా వదినా.”

“అయితే మనమిప్పుడు ఎక్కడున్నాం?”

“ఫిర్యాదు కింద ఎవరైనా జవాబు రాస్తే, పనైపోయినట్టే లెక్క. యాప్ తనంతట తానే మూసేస్తుంది.”

“ఇంకా బాగవ్వలేదని రాసినా?”

“జవాబు జవాబేగా.”

“ఆహా, ఏం బుర్ర. మీ అన్నయ్య నిన్ను మేధావి అంటుంటే నిజమే అనుకున్నాను.”

“పెండింగ్ సున్నా వదినా. ఇంకే ఆసుపత్రికైనా ఉందా?”

“ఆ సున్నాని ఫ్రేము కట్టించుకుందువుగాని, ముందు ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చెయ్యి.”

“ఎత్తడు. కాల్స్ తియ్యొద్దు, అన్నీ గ్రూపులోనే రావాలని నేనే చెప్పాను.”

“అయితే గ్రూపులోనే మొరపెట్టుకో.”

అతను గబగబా టైపు చేశాడు. ఫోను మోగగానే ముఖం వెలిగింది.

“చూశావా, అప్పుడే జవాబిచ్చాడు.”

“ఏమన్నాడు?”

“‘ఏ లిఫ్టు సార్?’ అంటున్నాడు.”

ఫోను మళ్లీ మోగింది. అతను చదివి, చప్పుడు చేయకుండా జేబులో పెట్టుకోబోయాడు. వదిన లాక్కుని పైకే చదివింది.

“‘మీ ఫిర్యాదు పరిష్కారమైంది.’”

ఆమె ఫోను అతని చేతిలో పెట్టి, చెప్పులు విప్పి, నేలమీద తీరిగ్గా చతికిలబడింది.

“నీ సున్నాకేం ఢోకా లేదు మరిదీ. వెళ్లి చూపించుకో.”