ఆ మెడ ఎవరిది?

చనిపోయిన భర్త తన కెమెరాతో అతి దగ్గరగా తీసిన ఫోటోలను ప్రదర్శన కోసం కూతురితో కలిసి ఏరుతున్న తల్లి, ఒకదాని దగ్గర ఆగిపోయింది.

"ఇవ్వను. ఈ ఫోటోలు గడప దాటవు. ఒక్కటి కూడా దాటదు."

"ఇందాకటిదాకా నువ్వే తుడిచి పేర్చావు కదమ్మా! ఫోటో క్లబ్బు ప్రెసిడెంటు గారు సాయంత్రం వ్యాను తీసుకొస్తారు. గోడంతా నాన్నకే ఇచ్చారు."

"నాకేదో రోగమొచ్చిందని చెప్పు."

"ఏం రోగం?"

"ఇంకా రాలేదు. రావచ్చు. చెప్పు."

"పొద్దున ఆ సాలీడు ఫోటో చూసి నవ్వావు కూడా."

"నవ్వక ఏం చేయను? దాని గూడు దులిపానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు మహానుభావుడు. కాఫీ ఇస్తే తాగేవారా? మీగడ కట్టేదాకా కెమెరా పట్టుకు కూర్చునేవారు. చల్లారాక, ఇంకోటి కలుపు అని నా ప్రాణం తీసేవారు."

"నీ మడమ పగుళ్ళు కూడా..."

"అది గుర్తు చేయకు! 'ఎండిన చెరువు' అని పేరెట్టి గోడకెక్కించారు. ఎవరో పెద్దాయన, పాపం ఇది ఏ ఊరి చెరువమ్మా అని వచ్చి నన్నే అడిగాడు. కాళ్ళు ఎక్కడ దాచుకోవాలో తెలీక చచ్చాను."

"బహుమతి వచ్చిందిగా."

"వచ్చింది. పోనీ, అది నా కాలే. మరి ఇదెవరిది?"

"ఏది?"

"ఇది. అన్నిటికీ అడుగున దాచారు. ఎవత్తో ఆడదాని మెడ. వెనకనుంచి. ముడి కింద చెమటబొట్టు జారుతోంది చూడు. పక్కనే పుట్టుమచ్చ. అంత దగ్గరికెళ్ళి తీశారంటే..."

"అమ్మా, అదీ..."

"నువ్వాగు. ఎప్పుడో ఏదో బయటపడుతుందని పెళ్ళైన నాటినుంచీ భయపడుతూనే ఉన్నా. గోడకెక్కితే అదీ వస్తుంది చూడ్డానికి. నా పక్కనే నిలబడి చూస్తుంది!"

"ఆవిడ నాకు తెలుసు."

"ఏంటీ?"

"బాగా తెలుసు. మనింట్లోనే తినేది."

"ఎవరే? పైవాటా టైలరమ్మా? నాకెప్పుడూ అనుమానమే. మెడ మాత్రం... బాగానే ఉంది దొంగమొహానిది. చెప్పవే, గుండె ఆగిపోయేలా ఉంది!"

"చెప్తా. ఒక్క నిమిషం కదలకు."

"ఫోనెందుకే? వద్దు! నాకు ఫోటో తీయొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఆయుష్షు తగ్గుతుందే..."

"అయిపోయింది. ఇదిగో, చూడు."

"ఏంటిది? దాని ఫోటోనే మళ్ళీ తీశావా?"

"కాదు. ఇప్పుడు తీసింది. రెండూ పక్కపక్కన పెట్టు."

"మచ్చ..."

"నీ తలకి రంగేసినప్పుడల్లా చూస్తూనే ఉన్నా. నీ మెడ వెనక నువ్వెప్పుడు చూసుకున్నావు గనక?"

"నాదేనా? సరిగ్గా చూశావా? నాదేనంటావా?"

"నీదే తల్లీ."

"అయితే మరీ ఘోరం! అన్నేళ్ళు కాపురం చేసి, చీమ మొహం తీశారు, ఈగ మొహం తీశారు. నాకొచ్చేసరికి మెడ వెనకా? అంత చూడలేనట్టుందా నా మొహం?"

"అమ్మా, ఇందాక నేను ఫోనెత్తగానే నువ్వేం చేశావు?"

"ఏం చేశాను? ఎప్పట్లాగే అటు తిరిగాను."