తారీఖు లేని కాగితం

మంత్రులకు ప్రభుత్వం ఇచ్చే ఇంటి ముందుగది. పొద్దున పదిన్నర. గోడవారగా తాళ్ళు కట్టిన నాలుగు పెట్టెలు. మంత్రిగారు, ఆయన భార్య. ఆయన తల్లి, కూతురు లోపలి గదిలో ఉన్నారు.

"చెప్తున్నానా, ఆ ముడి విప్పకు."

"విప్పేశాను."

"మళ్ళీ కట్టు."

"ఎనిమిది నెలలైందండీ ఈ ఇంటికొచ్చి. గరిటె కావాలంటే పెట్టె, దుప్పటి కావాలంటే పెట్టె. విప్పుదామన్నప్పుడల్లా ఇవాళ కాదు, రేపు అన్నారు. మీ రేపులతో విసిగిపోయాను."

"ఇంకొక్క రోజు ఆగితే ఏం పోతుంది?"

"ఆగితే ఏం వస్తుంది? అది చెప్పండి."

"ఏం రాదు. ఊరికే అన్నాను. ఎవరైనా వస్తే గదంతా సంతలా ఉంటుందని."

"ఎవరొస్తారు ఈ పూట?"

"వస్తారు. మంత్రి ఇల్లు."

"చేపల మంత్రి ఇంటికి పిల్లులు కూడా రావడం మానేశాయి."

"ఒరే అబ్బాయ్, ఏమిటా గొడవ? పెట్టెలు మళ్ళీ ఎక్కడికిరా?"

"ఎక్కడికీ కాదమ్మా. నువ్వు పడుకో."

"పొద్దున్నే పడుకోమంటాడు! అమ్మాయ్, వీడి శాఖ గానీ మళ్ళీ మార్చారా? మొదట ఆటలన్నారు. బళ్ళో పరుగుపందెం పెడితే వీడు చెట్టు కింద కూర్చునేవాడు. తర్వాత ఉత్తరాలన్నారు. ఇప్పుడు చేపలు. మోకాలి లోతు నీళ్ళంటే భయం వీడికి!"

"ఈసారి మొత్తం నీళ్ళే ఇస్తారేమో, అత్తయ్యా."

"ఎవరన్నారు నీకు?"

"ఎవరూ అనలేదు. మీలాగే, ఊరికే అన్నాను."

"నాన్నా! ఫోను. మీ పీఏ."

"ఏంటో కనుక్కో, బుజ్జీ... వద్దొద్దు, నేనే వస్తున్నా, ఆగు..."

"కనుక్కున్నాగా. ప్రమాణం సాయంత్రం ఆరింటికట, ఐదింటికి కారు వస్తుందట. కొత్త ఇంటి తాళాలు రేపు గానీ రావట. గుండ్రటి వరండా ఇల్లట. గుండ్రటి వరండా అంటే మావయ్యావాళ్ళ ఇల్లేగా, నాన్నా?"

"ఫోను పెట్టెయ్."

"మరి మావయ్యావాళ్ళు ఎక్కడికెళ్తున్నారు?"

"పెట్టెయ్యమన్నానా! లోపలికెళ్ళు. తలుపేసుకో."

"దాని మీదెందుకు అరుస్తారు? మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"మెల్లిగా. అమ్మ వింటుంది. చెప్పడానికేముంది? పెద్దాయన మంత్రివర్గం మార్చారు. ప్రధాని ఇష్టం అది, మనం అడిగేదేముంది? నన్ను సహాయమంత్రి నుంచి కేబినెట్‌లోకి తీసుకున్నారు. నీటిపారుదల ఇచ్చారు. నేనడిగానా?"

"అది అన్నయ్య శాఖ."

"మీ అన్నయ్య తప్పుకున్నాడు. రాజీనామా ఇచ్చాడు."

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్న సాయంత్రం అన్నయ్య నాతో అరగంట మాట్లాడాడు. వదిన పంటినొప్పి దగ్గర్నుంచి అన్నీ చెప్పాడు. రాజీనామా సంగతొక్కటే మర్చిపోయాడంటారా?"

"మా అందరి కాగితాలూ పెద్దాయన దగ్గరే ఉంటాయి. నీకు తెలియందేముంది? ప్రమాణం చేసిన రోజే రాయించుకుంటారు. సంతకం ఉంటుంది, తారీఖు ఉండదు. వద్దనుకున్న రోజు సొరుగులోంచి తీసి తారీఖు వేస్తే అయిపోతుంది."

"ఎవరు వేస్తారు?"

"ఏమిటి?"

"తారీఖు. ఎవరు వేస్తారని."

"ఎవరో... ఆఫీసులో ఎవరో ఒకరు. గుమాస్తాలు లేరా?"

"పొద్దున్నే అన్నయ్యకి దాని నకలు పంపారు. మీరు స్నానం చేస్తుంటే నాకు ఫోన్ చేశాడు."

"ఏమన్నాడు?"

"'చెల్లీ, నా కాగితం మీద పదిహేడు అని వేశారు, ఏడుకి నడుమ గీత ఉంది' అన్నాడు. అంతే. పెట్టేశాడు."

"గీత... చాలామంది పెడతారు."

"ఒకటీ ఏడూ కలిసిపోతాయని పదహారేళ్ళు బళ్ళో పిల్లల చేత గీత పెట్టించారు మీరు. గ్యాస్ బండ వచ్చిన రోజు క్యాలెండర్ మీద రాసినా ఏడుకి గీతే. ఆ గీత నాకు తెలియదా?"

"పెద్దాయన పెన్ను నా చేతికిచ్చారు. 'మాస్టారూ, మీ దస్తూరి బావుంటుంది, మీరే వెయ్యండి' అన్నారు. గదిలో ఇంకో ముగ్గురున్నారు. అందరూ నా చెయ్యే చూస్తున్నారు. ఏం చెయ్యమంటావు?"

"వెయ్యననాల్సింది."

"అంటే? అదే సొరుగులో నాదీ ఉంది, దాని కిందే. నేను కాదంటే నాదాని మీద వేసే చెయ్యి పక్కనే నిలబడి ఉంది. అప్పుడు రెండూ పోయేవి. ఇప్పుడు ఒకటే పోయింది."

"లెక్కల మాస్టారు కదా."

"వెటకారం వద్దు. నాలుగు రోజులాగితే మీ అన్నయ్యకి నేనే ఏదో దారి చూపిస్తాను. నేను లోపల ఉంటేనే కదా..."

"ఆనకట్ట నీళ్ళలో మునిగే ఊళ్ళని వేరే చోటు చూపించకుండా ఈ వర్షాల్లోనే ఖాళీ చేయించమన్న కాగితం ఉందే, అన్నయ్య సంతకం పెట్టనన్నది. అదిప్పుడు ఎవరి బల్ల మీదికొస్తుంది?"

"ముందు ప్రమాణం కానీ."

"వస్తే పెడతారా?"

"నన్నలా నిలదీసి అడగకు. నిన్న కొత్తది కూడా రాసిచ్చాను."

"కొత్తదేమిటి?"

"హోదా మారితే కాగితమూ మారుతుంది. సంతకం పెట్టేదాకా కుర్చీలోంచి లేవనివ్వలేదు."

"తారీఖు?"

"...లేదు."

"బళ్ళో లెక్కలు చెప్పుకునే మిమ్మల్ని చెయ్యి పట్టుకుని ఇక్కడిదాకా తీసుకొచ్చాడు అన్నయ్య. ఆ చేత్తోనే..."

"తెలుసు! నాకు తెలీదనుకుంటున్నావా? రాత్రంతా ఆ చెయ్యి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. చాలా? ఇంక ఆ పెట్టె మూసెయ్. రేపు ఎలాగూ మొయ్యాలి. అన్నీ తెలిసి కూడా ఎందుకు విప్పుతున్నావు?"

"విప్పడం లేదండీ. విడదీస్తున్నాను."

"విడదీయడమేమిటి?"

"అత్తయ్యా! బుజ్జీ! ఒక్కసారి ఇలా వచ్చి కూర్చోండి."

"ఇప్పుడు వాళ్ళెందుకు? ఆగు, నేను నిదానంగా చెప్తాను..."

"ఏంటమ్మా? నాన్న ముఖం అలా ఉందేంటి?"

"ఏం లేదు, కూర్చో. సాయంత్రం నాన్నకి ప్రమాణం. మావయ్య శాఖ నాన్నకిచ్చారు. ఇల్లు కూడా. అత్తయ్యా, మీకు చూడాలనుంటే వెళ్ళండి, బుజ్జిని తీసుకెళ్ళండి. నేనెవర్నీ ఆపను. రేపు ఈ మూడు పెట్టెలూ ఆ ఇంటికి. ఎర్రతాడు కట్టిన చిన్నది నాది. వదిన ఒక్కతే సామాను సర్దుకుంటోంది, మధ్యాహ్నం నేనక్కడికి వెళ్తున్నాను. నా పెట్టె వాళ్ళ బండిలోనే వెళ్తుంది."

"వాళ్ళ బండి ఎక్కడికెళ్తుందే?"

"వాళ్ళకి ఇల్లు దొరికిన చోటికి."

"ఒరే, నువ్వైనా ఆపవేంరా? అమ్మాయ్... సర్దిపెట్టి వచ్చేస్తావుగా? ఎప్పటికొస్తావు?"

"తారీఖు వెయ్యలేదు, అత్తయ్యా."