సైదులు సార్ కోదాడల చెప్పిన పాఠం

"నానమ్మా, ఇంగ్లీష్ టీచర్ల మీటింగులకు పోవుడు నువ్వెందుకు బంద్ జేసినవ్? రేపటి సంది నన్ను గూడ గా సంఘంల చేరమంటుండ్రు."

నిన్నగాక మొన్న టీచర్ నౌకరొచ్చింది, అప్పుడే చేరమంటుండ్రా? కూసో బిడ్డా, జర ఫ్యాను పెద్దగ వెయ్యి, చెప్త.

మొదట్ల గా మీటింగులంటె నాకు పాణం. నెలకొక ఆదివారం సూర్యాపేటల ఒక బడిల కూడేటోళ్లం. నేను చర్చికాంచి సీదా అటే పోయేదాన్ని. మీ తాత ఒకటే గునుసుడు, ఆదివారం గూడ కూర వండవా అని. మిర్యాలగూడ సార్లు, కోదాడ సార్లు బస్సులు వట్టుకొని వచ్చేటోళ్లు. చాయ్ అప్పుడు రూపాయి... కాదు కాదు, రూపాయిన్నర. గా చాయ్ తాక్కుంట, పిల్లగాండ్లకు ఇంగ్లీష్ ఎట్ల చెప్తె ఒంటవడ్తదని కొట్లాడుకునేటోళ్లం. ఎవలన్న తప్పు మాట్లాడితె నవ్వేది లేకుండె. మాకెవలికి సక్కగొచ్చు గనుక? ఎవలు ఎవల్ని జూసి నవ్వాలె?

సైదులు సార్ అని ఉండె. ఇంగ్లీష్ సార్ గాదు, సైన్స్ సార్. చివ్వెంల దిక్కు బడిల నాతోని పనిజేసిండు. తెలుగుల ఆయన పాఠం చెప్తుంటె బెల్లు గొట్టినా పిల్లలు లేవకపోదురు. తడిబట్టల జొన్నలు మూటగట్టి, మొలకలు రాంగనె ఇప్పి, "సూడుండ్రి, పాణం ఎట్ల లేస్తుందో" అనేటోడు. పక్క క్లాసుల నేను గ్రామర్ చెప్పుడు ఆపి ఇనేదాన్ని, నిజంగ.

గంతల బడిని ఇంగ్లీష్ మీడియం జేసిండ్రు. మంచిదే, నేనేం వద్దంటలేను. కూలోళ్ల పిల్లలకు ఇంగ్లీష్ వద్దా? నేను గూడ కూలోళ్ల బిడ్డనే గదా, నేరేడుచర్లల మా అమ్మ నాట్లేసి నన్ను సదివిచ్చింది. కానీ యాభై దాటిన మనిషిని రేపటి సంది ఇంగ్లీషుల చెప్పుమంటె ఎట్ల? పొద్దుమూకంగ సైదులు సార్ మనింటికి వచ్చిండు. "అక్కా, నాకు జర నేర్పు" అన్నడు. ఇగ రోజు గీ వరండలనే కూసునేది. ఒక్కొక్క మాట నోట్లేసుకొని నమిలినట్టు అనేటోడు. సిగ్గువడలే. జరంత వస్తుండె గూడ.

అప్పుడే కోదాడల పెద్ద మీటింగ్ వెట్టిండ్రు. మా సంఘం అప్పటికే మారిపోయింది. బ్యానర్లు, శాలువాలు, మైకులు. సైన్స్ సార్లను, లెక్కల సార్లను గూడ పిలిచి, ఇంగ్లీషుల పాఠం చెప్పి సూపియ్యాలె అన్నరు. సైదులు సార్ పేరు పిలిచిండ్రు. చేతుల బాదమాకు వట్టుకొని స్టేజీ ఎక్కిండు. "లీఫ్ ఈజ్ కిచెన్ ఆఫ్ ట్రీ" అన్నడు. ఎంత మంచి మాట సూడు! ముందు వరుసలోళ్లు కిసుక్కుమన్నరు. ఇగ మనిషి తడవడ్డడు. "ట్రీ ఈజ్ కుకింగ్... సన్ ఈజ్ ఫైర్..." ఆడ ఆగిపోయి, తెలుగులకొచ్చిండు. "మనింట్ల పొయ్యి మీద అన్నం ఉడికినట్టే..." అంటుండంగనే, మైకు వట్టుకున్నాయన "నో తెలుగు ప్లీజ్, సర్!" అన్నడు. హాలు హాలంత నవ్వింది. నవ్వినోళ్లు ఎవలు? టీచర్లు, బిడ్డా. పిల్లలు గాదు.

నేను లేచి "ఆయన్ని చెప్పనియ్యుండ్రి" అన్న. మైకు లేనోళ్ల మాట ఎవలింటరు? సార్ ఆకు జేబుల వెట్టుకొని కిందికి దిగిండు. సూర్యాపేట దాక బస్సుల కిటికి దిక్కే సూసిండు.

ఆడికే అయిపోతె మర్సిపోదుము. ఎవలో ఫోన్ల వీడియో పట్టిండ్రట, నవ్వే బొమ్మలు వెట్టి గ్రూపుల ఏసిండ్రు. అది ఊర్లకు పోయింది, పిల్లల అమ్మనాయనల ఫోన్లకు పోయింది. సోమవారం సార్ క్లాసులకు పోంగనె ఎనక బెంచీలకాంచి "కిచెన్ సార్" అన్నరు. ఆయన సదువు చెప్పిన పిల్లలే.

నేను మిర్యాలగూడ పోయిన, సంఘం పెద్దమనిషి ఇంటికి. "తీసెయ్యుండ్రి సార్, మనిషి కుమిలిపోతుండు" అన్న. "సరదాకు వెట్టిండ్రు మేడం, మీరే పెద్దగ జేస్తుండ్రు. తీసేపిస్త లెండ్రి" అన్నడు. తీసిండ్రు. పోయినకాడికి పోనే పోయింది గదా, యాడాడ తీస్తరు? గా దినం సంది నేను గా దిక్కు పోలే.

ఇగ సైదులు సార్... జొన్నలు లేవు, మొలకలు లేవు. గైడు వట్టుకొని ఆయన సదువుడు, పిల్లలు రాసుకునుడు. అది గూడ ఎక్కువ దినాలు జెయ్యలే. సర్వీసు ఉండంగనె నౌకరి ఇడిసిపెట్టిండు. నేను పోయి ఎంత జెప్పినా ఇనలే.

మొన్న మల్ల సూడవోయిన. ఆయన మనవరాలు, మూడో తరగతేమో, ఉరికొచ్చి "తాతా, పట్టపగలు చంద్రుడు కనవడ్తుండు, ఎందుకు?" అని అడిగింది. తెలుగులనే అడిగింది బిడ్డా. ఒకప్పుడైతె గా మనిషికి ఇంతకంటె ఏం గావాలె? చెంబో, నిమ్మకాయో చేతవట్టి గంటసేపు చెప్పేటోడు. నేను ఆయన ముఖమే సూస్తున్న.

"నాకు రాదమ్మా. మీ మేడంను అడుగు" అన్నడు. అని లోపటికి పోయిండు.

సరే... నువ్వు పండుకో పో, పొద్దుగాలనే బస్సంటివి. ప్రభువు నీ నోటికి మంచి మాటియ్యాలె బిడ్డా, సల్లగుండాలె నువ్వు. నీ ముంగట ఎవలన్న తప్పు మాట్లాడితె... ఏ భాషన్న గానీ... నవ్వకు. గంతే. ఇగ నేనేం చెప్పాలె...