మాలకొండయ్య కుర్చీలో కూర్చున్న రోజు

మాలకొండయ్య పన్నెండేళ్ళు మా ఊరి పంచాయతీకి వైసు ప్రెసిడెంటు. వైసంటే ఏందనుకున్నారు? తోడుపెళ్ళికొడుకనుకోండి. కొత్తబట్టలు పెడతారు, పక్కన కూర్చోబెడతారు, అంతటితో సరి. ప్రెసిడెంటేమో చెంచురామయ్య. సగం ఊరి పొలం ఆయనదే. మీటింగులో ఏదన్నా తేలాలంటే మెంబర్లు చేతులెత్తాల గదా, మాలకొండయ్య ఏం చేసేవోడంటే, ఓరకంట చెంచురామయ్యని చూసేవోడంట. ఆయన చెయ్యి లేస్తే ఈయన చెయ్యి లేచేది, ఆయన దించితే ఈయనా దించేవోడు. నవ్వబాకండి, అట్టా ఉన్నందుకే గదా పన్నెండేళ్ళు ఉన్నాడు! ఆయనకీ ఒక ఆశుంది. ఒక్కసారన్నా ప్రెసిడెంటు అనిపించుకోవాలని. వచ్చే ఎలక్షన్లో నువ్వే ప్రెసిడెంటువి మాలకొండయ్యా అని చెంచురామయ్య మాట కూడా ఇచ్చాడు.

అట్టా ఉండగా ఏమైందంటే, చెంచురామయ్యకి కంట్లో పొర కమ్మి, ఆపరేషనుకి నెల్లూరు పోవాల్సొచ్చింది. సరిగ్గా అప్పుడే గవర్నమెంటోళ్ళు ఊరికి ఒక పని శాంక్షను చేశారు. ఒకటంటే ఒకటే. చెంచురామయ్య రైసుమిల్లుకి రోడ్డా, మా ఊరి శివారు కొత్తపాలెంలో మంచినీళ్ళ బాయా? కొత్తపాలెం ఆడోళ్ళు ఎండాకాలమొస్తే మైలు దూరం వాగుకి పోయి, ఇసకలో చెలమ తీసి, గిన్నెతో తోడుకోని తెచ్చుకునేవోళ్ళు. చెంచురామయ్య బండెక్కేముందు మాలకొండయ్యని పిలిచి, రోడ్డు సంగతి చూడు, నేనొచ్చేసరికి తీర్మానం అయిపోవాల అని చెప్పి ధీమాగా పోయాడంట. ఇంకెవరికన్నా చెప్తే అనుమానం గానీ, మాలకొండయ్యకి చెప్పాక అనుమానమేంది?

మీటింగు పెట్టారు. మాలకొండయ్య మొదటిసారి ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్నాడు. రోడ్డుకి నాలుగు చేతులు లేచినయ్యి, బాయికి నాలుగు. క్లార్కు లేచి, సమానమైతే కుర్చీలో ఉన్నాయనే తేల్చాలండీ, అది రూలు అన్నాడు. మాలకొండయ్య అలవాటు చొప్పున ఓరకంట పక్కకి చూశాడంట. చూస్తే ఏముందీ, గోడుంది. పాపం ఎంతసేపు చూశాడో, క్లార్కు రెండుసార్లు దగ్గాడు కూడా. రోడ్డంటే ఆ కుర్చీ రేపు ఆయనదే, బాయంటే దానిమీద ఆశ వదులుకోవాల్సిందే. తెలీదా ఆయనకి? బాగా తెలుసు. ఆఖరికి గోడమీంచి చూపు తిప్పుకోని, "బాయి తవ్వండి" అన్నాడు.

తవ్వారు. నీళ్ళు తియ్యగా పడినయ్యి. చెంచురామయ్య కంటికి కట్టుతో వచ్చి, బాయి చుట్టూ ఒకసారి తిరిగి చూసి పోయాడు. ఎలక్షనొచ్చింది. మాలకొండయ్య కొత్తపాలెం వార్డులోనే మెంబరుగా నిలబడ్డాడు, నీళ్ళిచ్చినోణ్ణి వాళ్ళెట్టా ఓడగొడతారులే అని. అప్పట్లో ఎలక్షనంటే జనం కూడా చేతులెత్తేదే. చెంచురామయ్య వచ్చి ఎదురుగా కుర్చీ వేయించుకోని కూర్చున్నాడు. కొత్తపాలెమంతా ఆయన పొలాలు కౌలుకి చేసేవోళ్ళే. మాలకొండయ్యకి లేచిన చేతులు మూడంటే మూడు.

ఇంటికొచ్చాక పెళ్ళాం ఆదెమ్మ కొత్తపాలెమోళ్ళని దుమ్మెత్తిపోసిందంట, విశ్వాసం లేని జనం, నీ నోటికాడ కూడు పడగొట్టారు అని. అదంతా విని ఆయన, "ఎదురుగా ఆయన కూర్చోనుంటే చెయ్యెట్టా లేస్తదే? పన్నెండేళ్ళు నాకు లేచిందా?" అన్నాడు. అట్టాగని బాధ లేదనుకోబాకండి. వారం రోజులు గడప దాటలేదు మనిషి.

అదీ సంగతి. పంచాయతీ ఆఫీసు గోడమీద ప్రెసిడెంట్ల పేర్లన్నీ వరసబెట్టి రాసుంటాయి, పోయి చూడండి. వైసుల పేర్లు ఎవరూ రాయరు. వాళ్ళ సంగతి నాబోటోడు చెప్పాల, పనీపాటా లేని మీబోటోళ్ళు వినాల, అంతే.