ప్రెసిడెంటమ్మ

మార్కాపురం దగ్గరి పలకల ఫ్యాక్టరీకి ఆరోజు పలకలు కొనే విదేశీ కంపెనీ తరఫున తనిఖీ మేడం వస్తోంది. సూపర్‌వైజరు పలకలు కోసే పెద్దావిడను పక్కకు పిలిచాడు. ఇరవై ఏళ్లలో ఆమె ఎదురు మాట్లాడింది లేదు, అదే అతని ధైర్యం.

"అత్తా, మీ పనోళ్లకు సంఘం ఉందా అని మేడం అడుగుతాది. ఉందని చెప్పు."

"ఉందా?"

"రెండేండ్ల నుంచి ఉంది. నువ్వే ప్రెసిడెంటువి."

"నేనా? నాకెవురూ చెప్పలేదే!"

"అప్పుడు దసరాకి స్వీటు డబ్బా ఇచ్చి వేలిముద్ర ఏయించుకున్నాం గదా. అదే ఎలక్షను."

"నీ దుంప తెగ! అందులో నాలుగు లడ్లే ఉన్న్యాయి అల్లుడా. ప్రెసిడెంటుకి అంతేనా?"

"నవ్వులాట గాదత్తా. సంఘం లేదంటే ఆర్డరు పోతాది."

"మరి పోయిన నెల కుమారిని పనిలోంచి ఎందుకు తీసేసినారు?"

"సంఘం పెడతానని అందరి చేత సంతకాలు పెట్టించింది గదా."

"ఉన్న సంఘాన్నే మళ్ల పెడతానందని తీసేసినారా? మేడంకి అదే చెప్తా."

సూపర్‌వైజరు చేతులు జోడించాడు.

"అట్ల చెప్పబాకత్తా! నా ఉద్యోగం పోతాది."

"కుమారిది పోలేదా? మేడం ఎన్నింటికొస్తాది?"

"ఇంకో రెండు గంటల్లో."

"అయితే ఓనరు చేత ఉద్యోగం కాయితం రాయించుకొని తర్లుపాడులో కుమారి ఇంటికి పో. ఆ పిల్లను పనిలోకి తోడుకొని రా."

"ఓనరు ఒప్పుకోవాల గదా!"

"ప్రెసిడెంటు చెప్పిందను."

అతను ఓనరు గది వైపు నడిచాడు. ఆమె వెనక నుంచి కేకేసింది.

"అల్లుడా, ఆ పిల్లను మర్యాదగా పిలువు. ఇప్పుడే సెక్రటరీని చేసినాను."