ఫెసిలిటేట్ అనే నేరం

నమస్కారాలు ఆనక చెబుతాను. ముందు అన్యాయం పేరు చెప్పనివ్వండి. ముప్పై ఏళ్లు లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసిన మన అప్పలకొండ మామయ్యను ఫోర్‌మన్ దొర నౌకరీలోంచి తీసేశాడు. రేపు పొద్దున్న క్వార్టరు కూడా ఖాళీ చేయమన్నాడు. ఇప్పుడు ఈ సభకు అధ్యక్షులైన స్టోర్సు గుమాస్తా సత్యనారాయణ గారికీ, మన తార్‌బహార్ బస్తీ పెద్దలకూ, షెడ్డు మిత్రులకూ, వెనక వరసలో కూర్చున్న అమ్మలకూ నా నమస్కారాలు.

జరిగింది మీలో చాలామంది ఎరిగినదే, అయినా తిఫ్రా నుంచి నడిచి వచ్చినవారి కోసం చెబుతాను. మొన్నటి ఎండల్లో ఖలాసీలు అన్నం తినడానికి కాస్త నీడ కావాలని నోరెత్తితే, దొర షెడ్డులోని మంచినీళ్ల కుళాయి బిగించేయించాడు. బాయిలర్ల పక్కన మాడేవాళ్లు నాలుకలు పిడచకట్టి, పనిముట్లు కింద పెట్టి కూర్చున్నారు. మామయ్య ఎవరినీ అడగలేదు. స్పానరు తెచ్చి కుళాయి విప్పేశాడు. "ఇంజనుకి నీల్లు పోస్తారు గానీ, మనిసికి పొయ్యరేటి?" అన్నాడు. ఆయన చేసిన ఉపన్యాసం అంతే. (చప్పట్లు)

వారం తిరిగేసరికి దొర దగ్గర్నుంచి మామయ్య పేర ఇంగ్లీషు కాగితం వచ్చింది. అందులో 'ఫెసిలిటేట్' అని ఒక మాట. అధ్యక్షులవారు దాన్ని 'ఫెలిసిటేట్' అని చదివి, "కొండా, కంపినీ నీకు సన్మానం సేస్తాదిరా!" అన్నారు. (నవ్వులు) నవ్వకండి. అచ్చియమ్మత్త ఆ పూట బూరెలు వండింది. మామయ్య ఉతికిన పంచె కట్టి, తలపాగా చుట్టి, మెడలో దండ పడుతుందని దొర గది ముందు నిలబడ్డాడు. పడింది నౌకరీ మీద వేటు. తిరిగొచ్చి నన్నడిగాడు: "అచ్ఛా, అయితే ఆ మాటకి అర్థమేటిరా శంకరం?"

నేను కాలేజీ మెట్లెక్కినవాణ్ని కాను. కరపత్రాల్లో నాలుగు ముక్కలు ఏరుకున్నవాణ్ని. అయినా నిఘంటువు తిరగేశాను. ఒక పని తేలిగ్గా సాగేలా తోవ చెయ్యడం, అంతే అర్థం. ఇందులో నేరమెక్కడుంది? చక్రానికి నూనె పోసేవాడు, సిగ్నలు దించేవాడు, గేటు తీసేవాడు రోజూ చేసేది ఇదే కదా! దొర బండి సాగడానికి చేస్తే డ్యూటీ అట. మన గొంతు తడవడానికి చేస్తే సమ్మెకు సాయమట! అదే చెయ్యి, అదే స్పానరు.

అధ్యక్షులవారూ, తల దించుకోకండి. మీరు తప్పు చదవలేదు, దొర తప్పు రాశాడు. మీరు చదివింది నిజం చెయ్యడానికే ఈ సభ. (మామయ్య మెడలో దండ వేసి) ఇది దొర గది ముందే పడవలసిన దండ.

ఇందాక మామయ్య నా చెవిలో, "ఇక్కడితో ఆపీరా బావూ, నీ నౌకరీ కూడా పోతాది" అన్నాడు. పోనీ మామయ్యా! ఆ కుళాయి దగ్గర దోసిలి పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

రేపు పొద్దున్న ఆరు గంటలకు, షెడ్డు కూత వినపడే వేళకు, ఆ నీళ్లు తాగిన ప్రతివాడూ మామయ్య క్వార్టరు గుమ్మం ముందుకు రావాలి. కర్రలొద్దు, కేకలొద్దు, అడ్డంగా కూర్చుంటే చాలు. అచ్చియమ్మత్త మంచమూ బిందెలూ వీధిలో పడే పనికి మాత్రం మనం ఫెసిలిటేట్ చెయ్యం.

ఓపికగా విన్నారు, కృతజ్ఞుణ్ని. చివర నేను అనవలసిన మాట ఒకటి మిగిలింది. దాన్ని నేను అనను. రేపు డ్యూటీకి మీరే చెప్పి రండి: సెలవు!