ఇస్త్రీపెట్టె కింది డబ్బా

"పంచదార గిన్నెలో స్క్రూలేమిటే?" భర్త కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు.

"కదపకండి. ఒక్కటి తగ్గినా బోర్డు ఊగుతుంది."

"కంప్యూటర్ లోపలివన్నీ కొత్తవి కొని, పైన ఈ తుప్పు డబ్బా ఎందుకు?"

"పెళ్లికి ముందు ఇళ్ల ప్లాన్లు గీసింది దీంట్లోనే. పన్నెండేళ్లుగా మీ ఇస్త్రీపెట్టెకి పీటయింది."

"కొత్త గ్రాఫిక్స్ కార్డు ఇందులో పట్టదన్నావుగా?"

"సీడీల అర కోసేశాను. పట్టింది."

"అంటే... మళ్లీ ఉద్యోగమా?"

ఆమె స్విచ్ నొక్కింది. డబ్బాలోని ఫ్యాను గిర్రున తిరిగాక గాని ఊపిరి వదల్లేదు.

భోజనాల దగ్గర అతను మళ్లీ గొణిగాడు. "మరి ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టాలి?"

పిల్లలకు వడ్డిస్తూనే అంది. "మీ ఇష్టం. సోమవారం నుంచి ఇంట్లోంచే ఉద్యోగం చేస్తున్నాను. ఇక మీ చొక్కాలు మీరే ఇస్త్రీ చేసుకోవాలి."